నాన్న అడిగిన ప్రశ్న: ఆ ఫైరింజను ఎవరిది?

రాత్రి రెండున్నరకు నాన్నకు ఊపిరి అందలేదు. తెనాలి నుంచి మా ఇంటికి వచ్చి అప్పటికి మూడు వారాలే అయింది. నేను 911కు ఫోన్ చేసి చిరునామా చెప్పాను. అవతలి వాళ్ళడిగే ప్రశ్నలకు జవాబులు చెబుతుండగానే కిటికీ మీద ఎర్రటి వెలుగు తిరగడం మొదలైంది. తలుపు తీస్తే ఎదురుగా ఉన్నది అంబులెన్సు కాదు, నిలువెత్తు ఫైరింజను. బరువైన బూట్లతో ముగ్గురు లోపలికి వచ్చారు. ఒకాయన నాన్న మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆక్సిజన్ పెట్టాడు, ఇంకొకాయన ఛాతీ మీద తీగలు అంటించి ఈసీజీ తీశాడు. అంబులెన్సు ఆ తర్వాత వచ్చింది. తెల్లవారేసరికి గండం గడిచింది, మూడో రోజుకు ఇంటికి వచ్చేశాం.

కాస్త తేరుకున్నాక నాన్న అడిగిన మొదటి మాట: "ఇల్లు కాలలేదు కదరా, ఫైరింజను ఎందుకు వచ్చింది?"

రెండో మాట ఇంకా చిత్రమైనది. "అది మన స్టేషన్ బండి కాదు. మన స్టేషన్‌ది ఇరవై ఎనిమిది. దాని మీద అంకె వేరే ఉంది."

ఊపిరాడని మనిషి, స్ట్రెచర్ మీద పడుకుని, బండి మీద అంకె చదివారు! ఆయన ఉద్యోగం అలాంటిది. కృష్ణా పశ్చిమ డెల్టాలో, కొమ్మమూరు కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి పదవీ విరమణ పొందారు. తూముల అంకెలు, లాకుల అంకెలు జీవితమంతా చదివిన మనిషి. ఇక్కడ పొద్దున నడకకు వెళ్ళినప్పుడల్లా మా ఫైర్ స్టేషన్ ముందు ఆగి చూసేవారు. అందుకే ఆయనకు తేడా పట్టుబడింది.

"పక్క ఊరి బండి అన్నమాట. మరి దాని ఖర్చు ఎవరు కడతారు?" అన్నారు.

ఆ మూడో ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఆయనకు నచ్చలేదు. చెబుతున్నంతసేపూ నాకూ నచ్చలేదు. ఈ వ్యాసం ఆ జవాబును సరిచేసుకునే ప్రయత్నం.

మేముండేది ఫాస్టర్ సిటీలో. అమెరికాలోని కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కోకు దక్షిణాన, బే అనే అఖాతం అంచున ఉన్న చిన్న ఊరు. ఒకప్పుడు బ్రూవర్ ఐలండ్ అనే లోతట్టు ద్వీపం. 1960లలో దాన్ని మట్టితో మెరక చేసి, మధ్యలో చెరువులా నీళ్ళు నిలిపి, చుట్టూ కట్ట కట్టి ఇళ్ళు లేపారు. 1971లో నగరమైంది. 2020 జనాభా లెక్కల్లో 33 వేల చిల్లర. సాయంత్రం ఆ నీళ్ళ పక్కన నడిస్తే తెలుగు మాట వినబడకుండా ఇల్లు చేరడం కష్టం. ఊరికి ఉన్నది ఒకే ఒక్క ఫైర్ స్టేషన్. మాకు ఆనుకుని పడమర దిక్కున శాన్ మటేయో, లక్షకు పైగా జనం. దానికి దక్షిణాన బెల్మాంట్, 28 వేలు. ఆ పక్కనే శాన్ కార్లోస్, 30 వేలు. ఇలా మా కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి దానిలో, మొత్తం 20 పురపాలక నగరాలు ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ ఉంటాయి. ఒక ఊరు ఎక్కడ అయిపోయి ఇంకో ఊరు ఎక్కడ మొదలైందో వీధి పేరు బోర్డు రంగు మారితే తప్ప తెలియదు.

నాన్న మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. అమెరికాలో ఫైర్ శాఖలకు వచ్చే పిలుపుల్లో నూటికి అరవైకి పైగా వైద్యానికి సంబంధించినవే. నిజంగా మంటలంటుకున్నవి నూటికి నాలుగైదుకు మించవు. మా కౌంటీలో 1999 నుంచి ఇంజన్ల మీద అత్యవసర వైద్యం చేయగల పారామెడిక్‌లు ఉంటున్నారు. రెండో ప్రశ్నకు జవాబు కూడా ఆ కాలం నాటి ఒప్పందాల్లోనే ఉంది. కౌంటీ అంతటికీ కంట్రోల్ రూమ్ ఒకటే, స్టేషన్ల అంకెల వరుస ఒకటే. పిలుపు రాగానే ఎవరి ఊరు అని చూడరు, ఖాళీగా ఉన్నవాటిలో దగ్గరి ఇంజనును పంపుతారు. ఆ రాత్రి మా ఇరవై ఎనిమిది వేరే పిలుపు మీద వెళ్ళి ఉంటుంది. వంతెన అవతల ఉన్న పక్క ఊరి బండి వచ్చింది.

ఈ ఒప్పందం లేకపోతే చిన్న ఊరు ఏమవుతుందో లెక్క వేసి చూడండి. ఇంజను మీద ముగ్గురు కూర్చోవాలి. ఏడాది పొడవునా, పగలూ రాత్రీ ఆ మూడు సీట్లూ నిండి ఉండాలంటే మూడు షిఫ్టులకు తొమ్మిది మంది. సెలవులు, జబ్బులు, శిక్షణ కలుపుకుంటే పది, పదకొండు. ఇది ఒక్క బండికి. మామూలు రెండంతస్తుల ఇల్లు అంటుకుంటే మొదటి దెబ్బకు సుమారు పదిహేను మంది చేరాలని ఇక్కడి జాతీయ ప్రమాణం చెబుతుంది. గొట్టం పట్టేవాళ్ళు, నిచ్చెన వేసేవాళ్ళు, వెతికేవాళ్ళు, పంపు దగ్గర నిలబడేవాడు, అందరినీ నడిపేవాడు, అందరూ కలిపి. దీనికి తోడు 1998 నాటి కార్మిక భద్రతా నియమం ఒకటి: మండే ఇంట్లోకి ఇద్దరు వెళ్ళాలంటే, వాళ్ళకేమైనా అయితే వెళ్ళి లాక్కురావడానికి బయట ఇద్దరు సిద్ధంగా ఉండాలి. లోపల ప్రాణం చిక్కుకుని ఉందని తెలిస్తే తప్ప దీనికి మినహాయింపు లేదు. అంటే ముగ్గురున్న ఇంజను, తగలబడుతున్న ఇంటి ముందుకు వచ్చి కూడా, రెండో ఇంజను కోసం చూడాలి. ఒక్క స్టేషన్ ఉన్న ఊళ్ళో ఆ రెండో ఇంజను పక్క ఊరిదే అవుతుంది. వేరే దారి లేదు.

కాబట్టి చిన్న ఊళ్ళు కలిసి ఫైర్ సర్వీసు నడపాలా వద్దా అన్న చర్చ నాకు ఎప్పుడూ కాస్త విడ్డూరంగా కనిపిస్తుంది. మంటల దగ్గర అవి ఎప్పుడో కలిసిపోయాయి. కలవనిది ఖాతా పుస్తకం. పోట్లాటలన్నీ అక్కడే పుడుతున్నాయి.

బెల్మాంట్, శాన్ కార్లోస్ కథ చెబుతాను. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు 13వ ప్రతిపాదనను గెలిపించారు. ఆస్తి పన్ను ఒక శాతానికి పరిమితమైంది, మదింపు విలువ ఏడాదికి రెండు శాతం మించి పెరగకూడదన్నారు. నగరాల పెట్టెల్లో డబ్బు ఒక్కసారిగా తగ్గింది. ఆ మరుసటి ఏడాది, 1979లో, ఈ రెండు ఊళ్ళూ తమ ఫైర్ శాఖలను కలిపి ఒకటే చేసుకున్నాయి. ముప్పై ఏళ్ళకు పైగా ఆ కాపురం సాగింది. ఎవరూ తప్పు పట్టని పని చేశారు ఆ సిబ్బంది. గొడవ వాళ్ళ దగ్గర రాలేదు. వాటాల దగ్గర వచ్చింది.

ఖర్చులో సగానికి పైగా శాన్ కార్లోస్ కట్టేది. మాంద్యం వచ్చి ఆదాయం పడిపోయాక ఆ సగానికి పై భాగం ముల్లులా గుచ్చుకుంది. ఆ ఊరి పరిస్థితి ఎంత దిగజారిందంటే 2010లో తమ పోలీసు శాఖనే మూసేసి కౌంటీ పోలీసు అధికారి అయిన షెరిఫ్‌కు అప్పగించారు. ఫైర్ వాటా తగ్గించాలని శాన్ కార్లోస్ అడిగింది. మేమెందుకు ఎక్కువ కట్టాలని బెల్మాంట్ అడిగింది. రెండూ న్యాయంగా వినిపించే మాటలే. ఒకరి వాటా తగ్గాలంటే రెండోవారిది పెరగాలి, ఎందుకంటే ఉన్నది ఇద్దరే. 2011లో విడిపోయారు. మధ్యలో ఒక ప్రైవేటు కంపెనీ కూడా మేము మంటలార్పి పెడతామంటూ శాన్ కార్లోస్ గుమ్మంలోకి వచ్చింది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడని మనవాళ్ళు ఊరికే అనలేదు. చివరికి శాన్ కార్లోస్ తన పక్క ఊరు రెడ్‌వుడ్ సిటీతో ఒప్పందం చేసుకుంది. బెల్మాంట్ తన సొంత శాఖను మొదటినుంచి కట్టుకుంది: కొత్త బోర్డు, కొత్త చొక్కాలు, తలుపుల మీద కొత్త పేరు.

విడాకుల మర్నాడు ఏం మారింది? బెల్మాంట్ సరిహద్దులో ఇల్లు అంటుకుంటే, శాన్ కార్లోస్ ఇంజను దగ్గరగా ఉంటే, అదే వచ్చేది. కౌంటీ కంట్రోల్ రూమ్‌కు ఆ విడాకుల కాగితంతో పని లేదు. 14, 15 స్టేషన్లు బెల్మాంట్‌లోనూ, 13, 16 స్టేషన్లు శాన్ కార్లోస్‌లోనూ ఎక్కడివక్కడే ఉన్నాయి. అదే మంట, అదే దారి, అదే దగ్గరి బండి. ఇన్ని నెలల కొట్లాట, ఇన్ని అర్ధరాత్రి కౌన్సిల్ సమావేశాలు, చివరికి మారింది ఏ పేరు మీద బిల్లు వెళుతుందన్నది మాత్రమే.

ఏడేళ్ళు గడిచాయి. ఒంటరి కాపురం భారమై బెల్మాంట్ మళ్ళీ చుట్టూ చూసింది. అప్పటికే శాన్ మటేయో, ఫాస్టర్ సిటీ, బెల్మాంట్ మూడూ కలిసి ఒకే చీఫ్‌ను, కొందరు పై అధికారులను పంచుకుంటున్నాయి. 2019 జనవరిలో ఆ మూడు శాఖలూ చట్టబద్ధంగా ఒకటై శాన్ మటేయో కన్సాలిడేటెడ్ ఫైర్ డిపార్ట్‌మెంట్ ఏర్పడింది. స్టేషన్లు తొమ్మిది: శాన్ మటేయోలో ఆరు, బెల్మాంట్‌లో రెండు, మా ఊళ్ళో ఒకటి. పైన ముగ్గురు సభ్యుల బోర్డు, ఊరికొక కౌన్సిల్ సభ్యుడు. మా కౌంటీలో ఇది కొత్త కాదు. ఉత్తరాన డాలీ సిటీ, పసిఫికా, బ్రిస్బేన్ 2003లోనే కలిశాయి.

ఖర్చు వాటాలు నూటికి 60, 20, 20. శాన్ మటేయోకు అరవై, మిగతా ఇద్దరికీ ఇరవై చొప్పున.

ఇక్కడే నేను వేలు పెట్టాను. విలీనం మాటలు నడుస్తున్న రోజుల్లో మా ఇళ్ళ సంఘం సమావేశంలో ఒక పెద్ద పట్టిక చూపించి గంభీరంగా మాట్లాడాను. తొమ్మిది స్టేషన్లలో మనకున్నది ఒకటి, అంటే నూటికి పదకొండు. మనం కట్టేది ఇరవై. ఎవరి పిలుపులు ఎన్నో లెక్క తీసి, వాడుకున్నవాడే కట్టాలి అన్నాను. కరెంటుకు మీటరు లేదా, నీళ్ళకు మీటరు లేదా అన్నాను. చప్పట్లు కూడా పడ్డాయి. నాన్న మూడో ప్రశ్నకు నేను చెప్పిన జవాబు కూడా అదే ధోరణిలోది: "ఖర్చులో మన వాటా మనం కడుతున్నాం నాన్నా, నిజానికి కాస్త ఎక్కువే కడుతున్నాం."

ఆయన మంచం మీద నుంచే నా వంక చూశారు. "బండి వచ్చిన మర్నాడు నువ్వు అనే మాట ఇదా?" అన్నారు. తర్వాత ఒక సంగతి చెప్పారు. మామూలుగా ఆయన నీతులు చెప్పరు, సంగతులు చెబుతారు.

ఆయన చిన్నప్పుడు మా ఊళ్ళో సగానికి పైగా తాటాకు ఇళ్ళు. ఎండాకాలం ఒక కొంపకు నిప్పంటుకుంటే దాన్ని ఆర్పడానికి ఎవరూ తంటాలు పడేవారు కాదట. అది ఎలాగూ పోయింది. మనుషులంతా గాలి వాటున ఉన్న తర్వాతి ఇంటి మీదకు ఎక్కి, కొడవళ్ళతో దాని కప్పు పీకి కింద పారేసేవారు. మంట దాటకుండా దారి తెంపడం అన్నమాట. ఇంటివాడు వద్దు మొర్రో అన్నా వినేవారు కాదు. అలా పీకేసిన ఇంటిని నిప్పు ముట్టనే లేదు, కానీ కప్పు లేదు. ఆ కప్పు ఎవరు వేయించాలి? నిప్పంటుకున్నవాడు తన కొంపే పోయి ఏడుస్తున్నాడు. కప్పు పోయినవాడు ఏ తప్పూ చేయలేదు. అందుకని ఊరంతా ఇంటికిన్ని ఆకులని తెచ్చి పడేసి కప్పు వేయించేవారట. ఊరికి ఆ చివర, ఏ మంటా చేరని పెంకుటింటివాడు కూడా ఇచ్చేవాడు. వాడి ఇల్లు ఎన్నిసార్లు కాలిందని లెక్క ఎవరు అడిగారు అన్నారు నాన్న.

నా పట్టికలో ఆ పెంకుటింటివాడి వాటా సున్నా వస్తుంది.

ఇంకా తరచి చూస్తే నేనడిగిన "వాడుకున్నవాడే కట్టాలి" లెక్క పొరపాటు మాత్రమే కాదు, కొంచెం క్రూరం కూడా. పిలుపులు ఎక్కువగా ఎక్కడి నుంచి వస్తాయి? వృద్ధాశ్రమాలు, నడవలేనివాళ్ళు ఉండే ఇళ్ళు, బీదవాళ్ళు ఇరుకుగా ఉండే అపార్ట్‌మెంట్లు. పిలుపుకింత అని బిల్లు వేస్తే, ముసలివాళ్ళకు చోటిచ్చిన ఊరు జరిమానా కడుతుంది. కుర్ర ఇంజనీర్లు ఉండే ఊరు తప్పించుకుంటుంది. ఆ కుర్ర ఇంజనీర్ల ఇళ్ళకు ఆరు నెలలకోసారి తెనాలి నుంచో, కరీంనగర్ నుంచో బీపీ మాత్రల డబ్బాలతో అమ్మానాన్నలు వస్తారన్నది వేరే విషయం.

పోనీ, ఆస్తి విలువను బట్టి వేద్దామా? వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్‌కు తూర్పున ఈస్ట్‌సైడ్ ఫైర్ అండ్ రెస్క్యూ అనే ఉమ్మడి శాఖ 1999 నుంచి ఉంది. సమామిష్, ఇసాక్వా లాంటి ఊళ్ళు అందులో భాగస్వాములు. మన తెలుగువాళ్ళకు ఆ పేర్లు కొత్త కావు. అక్కడ చాలా కాలం ఆస్తి విలువను బట్టి వాటాలు వేశారు. సమామిష్‌లో ఇళ్ళు ఖరీదైనవి, ఫైర్ పిలుపులు తక్కువ. మేము పక్కవాళ్ళ ఖర్చు మోస్తున్నామని ఆ ఊరు విడిపోయే ఆలోచన దాకా వెళ్ళింది. లెక్కలో మార్పు చేస్తే తప్ప నిలవలేదు. కాలిఫోర్నియాలో అయితే ఈ పద్ధతి ఇంకా వంకరగా పని చేస్తుంది. 13వ ప్రతిపాదన పుణ్యమా అని నా ఎడమ పక్కింటాయన 1985లో కొన్న ఇంటికి కాగితం మీద ఉన్న విలువ నా ఇంటి విలువలో చిన్న ముక్క. రెండూ ఒకే పటం మీద కట్టిన ఇళ్ళు, వాటికి కావలసిన నీళ్ళూ గొట్టమూ ఒకటే. ఆస్తి విలువ అని మనం అనుకునేది అక్కడ ఎవరు ఎప్పుడు కొన్నారన్న తేదీ మాత్రమే.

స్టేషన్ల సంఖ్యను బట్టి? నేను చెప్పుకున్న పదకొండు శాతం అదే. కానీ ఆ రాత్రి మా ఇంటికి వచ్చింది మా స్టేషన్ బండి కాదు గదా! మా ఊరికి ఒక్క స్టేషన్ సరిపోవడానికి కారణం, వంతెన అవతల ఇంకో స్టేషన్ ఉండడమే. దాన్ని మా లెక్కలో వేసుకోకుండా మాకున్నది ఒకటే అనడం, చెరువు కింద పొలం పెట్టుకుని వానాకాలం కదా నాకు చెరువుతో పని లేదు అన్నట్టుంటుంది.

నాన్న ఉద్యోగంలో ఒక మాట ఉంది: నీటి తీరువా. ఆయకట్టు కింద ఉన్న భూమికి, పంటను బట్టి, ఎకరానికి ఇంత అని. తూము దగ్గర ఉన్నవాడు నీళ్ళు ఎక్కువ తీసుకుంటాడు, కాలువ చివర ఉన్నవాడు బొట్టు కోసం రాత్రంతా గట్టు మీద పడుకుంటాడు. అయినా పొలానికి మీటరు పెట్టలేదు. ఆ పద్ధతిలో అన్యాయం లేదని నేను అనను. చివరి రైతుల ఉసురు పోసుకున్న పద్ధతి అది, నాన్నే చెబుతారు. కానీ అందులో ఒక తెలివి ఉంది. అక్కడ కొలిచింది నీళ్ళను కాదు, కాలువ కింద ఉండడాన్ని. కాలువ ఉన్నందుకే ఆ భూమి మాగాణి అయింది.

ఫైర్ సర్వీసులో మనం కొనేది కూడా అదే. నూటికి తొంభై తొమ్మిది గంటలు మన ఇంటి వరకు ఆ ఇంజను ఊరికే నిలబడి ఉంటుంది. మనం డబ్బు ఇస్తున్నది ఆ నిలబడి ఉండడానికి. పిలిచినప్పుడు జరిగే ఖర్చు డీజిలు, ఆక్సిజన్, కొన్ని చేతి తొడుగులు. అసలు ఖర్చంతా పిలవని రాత్రులది: ఆ సీట్లలో కూర్చున్న మనుషుల జీతాలు, పింఛన్లు. పిలుపులు లెక్కపెట్టి బిల్లు వేయడమంటే మొత్తం ఖర్చులో అతి చిన్న భాగాన్ని కొలిచి, దాంతో పెద్ద భాగాన్ని పంచడం.

ఇప్పుడు 60, 20, 20ను మళ్ళీ చూడండి. మూడు ఊళ్ళ జనాభా కలిపితే లక్షా అరవై ఏడు వేలకు పైగా. అందులో శాన్ మటేయో నూటికి 63, మేము 20, బెల్మాంట్ 17. అంటే ఆ వాటాలు దాదాపు తలకింత అన్నట్టే. గొప్ప గణితం కాదు. ఎవరికీ పూర్తిగా నచ్చదు. నాకు ఇప్పుడు దానిలో నచ్చింది దాని మొరటుతనమే. ప్రతి ఏడాదీ పిలుపులు తిరగేసి, ఈసారి మీ ఊళ్ళో రెండు గుండెపోట్లు ఎక్కువయ్యాయి అని ఎవరూ బిల్లు పెంచలేరు.

మొరటు లెక్కను నేను సమర్థించడానికి ఇంకో కారణం ఉంది. దగ్గరి ఇంజను వెళ్ళాలన్న ఏర్పాటు మాత్రమే ఉండి, డబ్బు కలవకపోతే, తెలివైన ఊరు ఏం చేస్తుంది? తన ఇంజనును ఒకటి తగ్గించుకుంటుంది. పిలుపు వస్తే ఎలాగూ పక్క ఊరి బండి వస్తుంది. పక్క ఊరు కూడా అదే ఆలోచిస్తే నాలుగేళ్ళలో దగ్గరి బండి అన్నదే మిగలదు. మంచితనం మీద నడిచే ఏర్పాటుకు ఉన్న తెగులు ఇది. విలీనం ఆ తెగులుకు మందు. డబ్బు ఆదా అవుతుందని చెప్పి విలీనాన్ని అమ్మేవాళ్ళ మాట మాత్రం నేను నమ్మను. ముగ్గురు చీఫ్‌ల బదులు ఒకరు, మూడు శిక్షణ విభాగాల బదులు ఒకటి, అంతవరకే మిగిలేది. స్టేషన్లు తగ్గించలేరు, సీట్లు తగ్గించలేరు; తగ్గిస్తే విలీనం దేనికి? ఆదా అని చెప్పి కలిపిన కాపురం, ఆదా కనబడని మొదటి ఏడాదే బీటలు వారుతుంది.

దక్షిణ కాలిఫోర్నియాలో ఆరెంజ్ కౌంటీ ఫైర్ అథారిటీ ఉంది. 1994 డిసెంబరులో ఆ కౌంటీ ప్రభుత్వం దివాలా తీశాక, 1995లో ఏర్పడింది. అందులో భాగమైన ప్లసెన్షియా అనే ఊరు ఖర్చు పెరుగుతోందని బయటకు వచ్చి 2020 జులైలో సొంత ఫైర్ శాఖ పెట్టుకుంది. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అన్నది ఆ ఊరివాళ్ళు తేల్చుకుంటారు. వాళ్ళు బయటకు రావడానికి చెప్పిన ప్రధాన కారణం మాత్రం డబ్బు.

యంత్రాల విషయంలో మనుషులు ఈ పాటి తెలివి ఎప్పుడో నేర్చుకున్నారు. 1904 ఫిబ్రవరిలో బాల్టిమోర్ నగరం ముప్పై గంటల పాటు తగలబడింది. వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ నుంచి ఇంజన్లు వచ్చాయి. వచ్చినవాటిలో చాలావాటి గొట్టాలు బాల్టిమోర్ హైడ్రెంట్లకు, అంటే మంటలార్పడానికి వీధుల్లో పెట్టిన నీటి కుళాయిలకు, పట్టలేదు. గొట్టాన్ని బిగించే మరలను ఏ ఊరికి ఆ ఊరే తన కొలతకు కోయించుకుంది. పదిహేను వందలకు పైగా భవనాలు పోయాయి. ఆ దెబ్బతో గొట్టాన్ని బిగించే రెండున్నర అంగుళాల కప్లింగుకు అంగుళానికి ఏడున్నర మరచుట్లు ఉండాలని దేశానికంతా ఒక ప్రమాణం పెట్టారు. అయినా 1991లో మా బే అవతలి ఒడ్డున ఓక్లాండ్ కొండలు అంటుకుని 25 మంది చనిపోయినప్పుడు, పక్క ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు అదే అనుభవం: ఓక్లాండ్ హైడ్రెంట్ల మూతి మూడంగుళాలు, వాళ్ళ గొట్టాలవి రెండున్నర. అడాప్టర్లు వెతుక్కోవాల్సి వచ్చింది. ఎనభై ఏడేళ్ళ తర్వాత కూడా! ఇనుము మరలు ఒక దారికి రావడానికే అంత కాలం పడితే, పద్దు పుస్తకాలు కలవలేదని శాన్ కార్లోస్‌ను, బెల్మాంట్‌ను నేను మరీ తిట్టలేను.

2010 సెప్టెంబరు 9 సాయంత్రం మా కౌంటీలోనే శాన్ బ్రూనోలో ఇళ్ళ మధ్య భూమిలో ఉన్న ముప్పై అంగుళాల గ్యాసు గొట్టం పేలింది. ఎనిమిది మంది పోయారు, 38 ఇళ్ళు బూడిదయ్యాయి. నీటి గొట్టం కూడా ఆ పేలుడుకు పగిలింది, దగ్గరి హైడ్రెంట్లలో నీళ్ళు రాలేదు. చుట్టుపక్కల ఊళ్ళ ఇంజన్లు దూరపు హైడ్రెంట్ల నుంచి వేల అడుగుల గొట్టం పరిచాయి. గ్యాసు కట్టేయడానికే గంటన్నర పట్టింది. ఆ రాత్రి వాటాల పట్టిక ఎవరి చేతిలోనూ లేదు. శాన్ కార్లోస్, బెల్మాంట్ అప్పటికే విడాకుల మాటల్లో ఉన్నాయి.

ఇంత చెప్పాక నా పక్షంలో ఉన్న లోపాన్ని దాచడం బాగుండదు. కలిసిన ఫైర్ శాఖ ఎవరికి జవాబు చెబుతుంది? వెనకటికి మా ఊరి ఫైర్ చీఫ్ మా కౌన్సిల్ ముందు నిలబడేవాడు. నచ్చకపోతే ఐదుగురు కౌన్సిల్ సభ్యులనూ నిలదీయవచ్చు. ఇప్పుడు ముగ్గురి బోర్డులో మా మనిషి ఒకరే. ఆ బోర్డుకు మేము నేరుగా ఓటు వేయము. ఒక ఊరి ప్రజలకు తమ బండి మీద తమ ఊరి పేరు కనబడకపోవడం కూడా చిన్న నష్టమేమీ కాదు; పేరు ఉన్నచోటే పట్టింపు ఉంటుంది.

మన దేశంలో, మన తెలుగు రాష్ట్రాల్లో, ఇది పూర్తిగా అటువైపు వెళ్ళిపోయింది. 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన పన్నెండో షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు అప్పగించదగిన పద్దెనిమిది పనుల్లో ఏడోది అగ్నిమాపక సేవలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఆచరణలో అది రాష్ట్ర ప్రభుత్వ శాఖే. ఒక రకంగా మనం అమెరికా చిన్న ఊళ్ళు వందేళ్ళుగా తంటాలు పడుతున్న సమస్యను పుట్టుకతోనే దాటేశాం: తెనాలి ఇంజను మంగళగిరి వెళితే ఎవరి వాటా ఎంత అని ఎవరూ కొట్టుకోరు. ఇంకో రకంగా, కొట్టుకోవడానికి చోటే లేకుండా పోయింది. తెనాలి మున్సిపల్ కౌన్సిల్‌లో డ్రైనేజీ మీద, కుక్కల మీద, విగ్రహాల మీద గొడవలు చూశాను గానీ, ఫైరింజను ఎన్ని నిమిషాల్లో వస్తోందని ఒక్కరూ అడగ్గా వినలేదు అంటారు నాన్న. వాటా కట్టనివాడికి అడగాలని తోచదు. మాలాగా పోట్లాడుకునేవాళ్ళ దగ్గర నిమిషాలు కూడా పద్దులో ఉంటాయి.

అందుకే నా పాత పట్టికను పూర్తిగా చింపలేదు. పిలుపుల వరుస తీసేసి, ఆ చోట నిమిషాలు రాశాను: ఊళ్ళో ప్రతి మూలకూ మొదటి ఇంజను ఎంతసేపటికి వస్తోంది, రెండోది ఎంతసేపటికి. దాంతో పోయిన వసంతంలో ఉమ్మడి ఫైర్ బోర్డు బడ్జెట్ సమావేశానికి వెళ్ళాను. మూడు ఊళ్ళకు కలిపి ప్రేక్షకులం ఆరుగురం. మాట్లాడడానికి లేచింది ఇద్దరం, రెండో ఆయన తన వీధిలో ఎండిన చెట్టు గురించి మాట్లాడాడు. నా వంతు వచ్చినప్పుడు మూడు నిమిషాల్లో నా సంగతి చెప్పి కూర్చున్నాను. బడ్జెట్ ఆమోదమైంది.

నాన్న అప్పటికి తెనాలి వెళ్ళిపోయారు. ఆ సమావేశం వీడియో పంపితే మొత్తం చూశారట. మర్నాడు ఫోన్ చేసి, "బాగానే మాట్లాడావు. ఆ పైన కూర్చున్న ముగ్గురిలో మన ఊరి మనిషి ఎవరు?" అని అడిగారు.

నేను వీడియో మళ్ళీ తెరిచి, ఆపి, బల్ల మీద పేరు పలక చదివి చెప్పాల్సి వచ్చింది.